అనుమతి లేనిదే అడుగు పడదు: కణ విభజన నియమాలు, రోగి హక్కులు

తరచూ అడిగే ప్రశ్నలు

రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటున్నవారి మందుల చీటీల్లో కొన్నేళ్లుగా మూడు పేర్లు కనిపిస్తున్నాయి: పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్. మూడింటి చివరా ఉన్న 'సిక్లిబ్' చూస్తే చాలు, కణ విభజనను నడిపే ప్రొటీన్లను పట్టి ఆపే మందని తెలుస్తుంది. ఆ ప్రొటీన్లు ఏ నియమాల మీద నడుస్తాయో, ఆ నియమాలు తప్పితే ఏమవుతుందో మొదటి భాగంలో చెబుతున్నాం. ఈ మందులు వాడేవారికి చట్టపరంగా ఉన్న హక్కులేమిటో రెండో భాగంలో చూడవచ్చు.

మొదటి భాగం: కణం లోపలి నియమాలు

1. ఒంట్లోని కణాలన్నీ ఎప్పుడూ విభజన చెందుతూనే ఉంటాయా?

లేదు. ఎముక మజ్జకు మాత్రం క్షణం తీరిక ఉండదు. అక్కడ సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్ర రక్తకణాలు తయారవుతుంటాయి. పేగుల లోపలి పొర కొద్ది రోజులకోసారి కొత్తదవుతుంది. మెదడులోని నాడీకణాలు దాదాపుగా విభజన మానుకున్నవే. కాలేయం తీరు వేరు. మామూలు రోజుల్లో నిద్రపోతున్నట్టే ఉంటుంది, కొంత భాగం కోసి తీసేస్తే మేలుకుని మళ్లీ పెరుగుతుంది. విభజన ఆపి పక్కన కూర్చున్న ఈ స్థితిని జి0 అంటారు. ఎదిగిన మనిషిలో చాలా కణాలు ఈ స్థితిలోనే ఉంటాయి. కణం ఊరికే ఉండటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, విభజనకే కావాలి.

2. ఒక విభజన పూర్తవడానికి ఎంతసేపు పడుతుంది?

ప్రయోగశాలలో వేగంగా పెరిగే మనిషి కణానికి దాదాపు 24 గంటలు. ఇందులో జి1 దశకు సుమారు 11 గంటలు పడుతుంది. కణం పెరిగేదీ, ముందుకు వెళ్లాలా వద్దా అని తేల్చుకునేదీ అప్పుడే. ఎస్ దశలో 8 గంటలపాటు డీఎన్‌ఏకు నకలు తయారవుతుంది. దాదాపు 600 కోట్ల అక్షరాలను ఒక్కసారే, ఒక్కటీ వదలకుండా ఎక్కించాలి. తర్వాత 4 గంటలు జి2, అంటే సరిచూసుకునే సమయం. చివరిది ఎం దశ. క్రోమోజోములు రెండు వాటాలుగా విడిపోయి కణం రెండవుతుంది. బడి పుస్తకాల్లో మనం బొమ్మలు గీసింది ఈ దశవే గానీ, 24 గంటల్లో దీని వాటా ఒక్క గంటే.

3. 'ఇక మొదలుపెట్టు' అని అనుమతి ఇచ్చేదెవరు?

రెండు ప్రొటీన్లు కలిసి ఇస్తాయి. ఒకటి సిడికె. ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేటు తగిలించి వాటిని పనిలోకి దింపే ఎంజైమ్ ఇది. రెండోది సైక్లిన్. సిడికె కణంలో ఎప్పుడూ ఉంటుంది, కానీ సైక్లిన్ వచ్చి అతుక్కునేదాకా దానికి పని చేతకాదు. రైస్ మిల్లు ఊళ్లోనే ఉన్నా కరెంటు వస్తేనే కదా ఆడేది!

ఏ దశకు ఆ దశ సైక్లిన్ ఉంటుంది. జి1లో సైక్లిన్ డి వచ్చి సిడికె4, సిడికె6లతో జతకడుతుంది. నకలు రాయడం మొదలయ్యే ముందు సైక్లిన్ ఇ, రాస్తున్నప్పుడు సైక్లిన్ ఎ సిడికె2తో కలుస్తాయి. చివరి విభజనకు సిడికె1తో సైక్లిన్ బి ఉండాలి. ఒక దశ అనుమతితో మరో దశ నడవదు.

4. ఈ నియమాలు ఎలా తెలిశాయి?

ఇందులో ఒక తెలుగు పేరుంది. 1970లో అమెరికాలో పోటు నరసింహారావు, రాబర్ట్ జాన్సన్ కలిసి వేర్వేరు దశల్లో ఉన్న కణాలను జంటలుగా కలిపేశారు. ఎస్ దశలోని కణాన్ని జి1 కణంతో కలిపితే, జి1 కేంద్రకం కూడా గడువుకు ముందే నకలు రాయడం మొదలుపెట్టింది. జి2 కణంతో కలిపితే దాని కేంద్రకం కదల్లేదు. ఒకసారి రాసిందాన్ని మళ్లీ రాయలేదు. ఎం దశ కణంతో ఏ కణాన్ని కలిపినా దాని డీఎన్‌ఏ అప్పటికప్పుడు క్రోమోజోములుగా చుట్టుకుపోయింది. ఆదేశాన్ని మోసే పదార్థమేదో కణద్రవంలో ఉందని ఆ ప్రయోగంతో తేలింది.

ఆ పదార్థం పేరు తర్వాత బయటపడింది. లీలాండ్ హార్ట్‌వెల్ రొట్టెలు పులియబెట్టే ఈస్టులో విభజనను శాసించే జన్యువులను వరుసగా పట్టుకున్నారు. పొరపాటు జరిగితే కణం ఆగి సరిచేసుకుంటుందన్న 'చెక్‌పోస్టు' ఆలోచనా ఆయనదే. పాల్ నర్స్ మరో రకం ఈస్టులో సిడికె జన్యువును గుర్తించారు. ఆ ఈస్టు తూర్పు ఆఫ్రికాలో చిరుధాన్యాలతో కాచే బీరులో దొరికింది. 1982లో టిమ్ హంట్ సముద్రపు అర్చిన్ గుడ్లను గమనిస్తుండగా, ప్రతి విభజనకు ముందు పెరిగి విభజనతో మాయమయ్యే ప్రొటీన్ కంటపడింది. అదే సైక్లిన్. ముగ్గురికీ కలిపి 2001లో నోబెల్ వచ్చింది.

1987లో నర్స్ బృందం చేసిన ప్రయోగం అన్నిటికంటే విచిత్రం. సిడికె పాడైన ఈస్టులో మనిషి జన్యువును పెడితే ఈస్టు చక్కగా విభజన చెందింది. వంద కోట్ల ఏళ్ల కిందట ఎవరి దారి వారు చూసుకున్న జీవులు నేటికీ ఒకే నియమావళితో నడుస్తున్నాయన్న మాట.

5. అనుమతి ఇచ్చాక మధ్యలో ఆపవచ్చా?

ఆపవచ్చు. ఆపడానికే మూడు ముఖ్యమైన చెక్‌పోస్టులున్నాయి.

*జి1 చివర:* ఇక్కడ కాపలా ఆర్‌బి ప్రొటీన్‌ది. దీన్ని కాలువ తూముకు వేసిన షట్టరు అనుకోండి. నకలు రాసే జన్యువులను మేల్కొలిపే ఇ2ఎఫ్ అనే ప్రొటీన్‌ను అది వెనక్కి పట్టి ఉంచుతుంది. పెరగమని బయటి నుంచి కబురొస్తే సైక్లిన్ డి పుడుతుంది, సిడికె4, 6 పనిలోకి దిగుతాయి, లస్కరు చక్రం తిప్పినట్టు ఫాస్ఫేట్లు తగిలిస్తూ షట్టరును ఎత్తుతాయి. పూర్తిగా ఎత్తాక కణం బయటి కబురు కోసం ఎదురుచూడదు. మొదలుపెట్టిన పని ముగించే దిశగానే సాగుతుంది.

*డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు:* పి53 అనే ప్రొటీన్‌ను కణం నిత్యం తయారుచేస్తూ, తయారైంది తయారైనట్టే చెరిపేస్తూ ఉంటుంది. డీఎన్‌ఏ తెగితే ఆ చెరపడం ఆగుతుంది, నిమిషాల్లో పి53 పోగుపడుతుంది. అది పి21 అనే ప్రొటీన్‌ను పుట్టిస్తుంది. పి21 వెళ్లి సైక్లిన్-సిడికె జంటలను పట్టి ఆపుతుంది. మరమ్మతు జరిగితే సరే, కుదరకపోతే కణం తనను తాను చంపుకునేలా చేసేదీ పి53నే. మనకు ఈ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఏనుగులో దీని నకళ్లు 20 దాకా ఉన్నాయి. అంత పెద్ద ఒంట్లో క్యాన్సర్ అరుదుగా రావడానికి ఇదీ ఒక కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

*క్రోమోజోములు విడిపోయే ముందు:* ప్రతి క్రోమోజోమూ రెండు వైపుల నుంచి వచ్చే దారాలకు తగులుకోవాలి. 46లో ఒక్కటి తగులుకోకపోయినా, మ్యాడ్2 వంటి ప్రొటీన్లు మొత్తం పనినే నిలిపేస్తాయి. మన పెరళ్లలో పూసే బిళ్ల గన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ ఈ దారాలను అల్లుకోనివ్వదు. కణం ఈ చెక్‌పోస్టు దగ్గరే ఇరుక్కుపోతుంది. (అలాగని ఆకు నమలకండి. మందుకూ విషానికీ మధ్య తేడా మోతాదుదే.)

6. కణ విభజన చక్రం వెనక్కి తిరగకుండా ఏది ఆపుతుంది?

పని పూర్తయిన సైక్లిన్‌ను కణం దాచుకోదు, ముక్కలు చేసేస్తుంది. యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్‌ను దానికి చీటీలా అంటించి, ప్రొటీన్లను నలిపే యంత్రానికి పంపుతుంది. అనుమతి పత్రాన్నే చించేశాక పాత దశకు వెళ్లే దారి ఉండదు. ఈ చీటీ పద్ధతిని కనుగొన్న ఆరన్ సీకనోవర్, ఆవ్రమ్ హెర్ష్కో, ఇర్విన్ రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

7. క్యాన్సర్ అంటే ఈ నియమాలు తప్పడమేనా?

చాలావరకు అంతే. అయితే విభజన వేగం పెరగడంకన్నా ఆగడం చేతకాకపోవడమే అసలు సమస్య. మనుషులకు వచ్చే క్యాన్సర్లలో దాదాపు సగంలో పి53 జన్యువు చెడిపోయి ఉంటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ మరీ తెలివైనది. దాని ఇ6 ప్రొటీన్ పి53ని నాశనం చేయిస్తుంది, ఇ7 ప్రొటీన్ ఆర్‌బిని పట్టేసుకుంటుంది. ఇద్దరు కాపలాదారులనూ పడగొట్టాకే దొంగతనం మొదలుపెడుతుందన్న మాట. హెచ్‌పీవీ టీకా ఆ వైరస్‌ను గుమ్మం దగ్గరే ఆపుతుంది.

8. ఇది పిల్లలకు సంక్రమిస్తుందా?

చాలా క్యాన్సర్లు సంక్రమించవు. ఆర్‌బి జన్యువు కథ వేరు. అది మొదట బయటపడిందే పసిపిల్లల కంటిలో వచ్చే రెటినోబ్లాస్టోమా వల్ల. చెడిన జన్యువు ఒకటి పుట్టుకతో వస్తే, రెండోది పాడవడానికి ఒక్క దెబ్బ చాలు. అందుకే అలాంటి పిల్లల్లో తరచుగా రెండు కళ్లకూ వస్తుంది. ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో బిడ్డ కంటిపాప తెల్లగా మెరిస్తే ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఒకరికి వచ్చి ఉంటే తోబుట్టువులకూ పరీక్ష చేయించాలి.

రెండో భాగం: మందు, రోగి, హక్కులు

9. 'సిక్లిబ్' మందులు ఏం చేస్తాయి? అందరికీ పనిచేస్తాయా?

సిడికె4, 6లను కట్టిపడేస్తాయి. షట్టరు ఎత్తే చెయ్యి ఆగుతుంది, ఆర్‌బి కాపలా మళ్లీ నిలుస్తుంది. హార్మోన్ రిసెప్టర్లు ఉండి, హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా లేని రొమ్ము క్యాన్సర్‌లో వీటిని లెట్రోజోల్, ఫుల్వెస్ట్రాంట్ వంటి హార్మోన్ మందులతో కలిపి వాడతారు. అమెరికాలో పాల్బోసిక్లిబ్‌కు 2015లో, మిగతా రెండింటికీ 2017లో అనుమతి వచ్చింది.

కాపలాదారే లేని కణితిలో ఇవి పనిచేయవు. ఆర్‌బిని పోగొట్టుకున్న కణానికి షట్టరే లేదు, ఇక చక్రం తిప్పేవాణ్ని ఆపి ప్రయోజనమేముంది? కొందరిలో కొంతకాలానికి మందు పట్టు తప్పడానికి ఇదీ ఒక కారణం.

10. మూడు వారాలు వేసుకుని ఒక వారం మానేయమంటారెందుకు?

మందు కణితినీ మజ్జనూ ఒకేలా ఆపుతుంది. తెల్ల రక్తకణాలు తగ్గుతాయి. మందు ఆపగానే మజ్జ తేరుకుంటుంది. అందుకే పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్ 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపుతారు. అబెమాసిక్లిబ్ మాత్రం విరామం లేకుండా రోజూ రెండు పూటలా వాడేది. దాంతో విరేచనాలు ఎక్కువ. రైబోసిక్లిబ్ వాడేవారికి గుండె లయ మారే అవకాశం ఉంది కాబట్టి ఈసీజీ తీస్తారు.

గుర్తుంచుకోవాల్సినవి: డాక్టరు చెప్పిన తేదీకి రక్తపరీక్ష తప్పనిసరి. జ్వరం వస్తే ఇంట్లో మాత్ర వేసుకుని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఒక రోజు మాత్ర మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. గ్రేప్‌ఫ్రూట్ తినకూడదు. మన పంపరపనస దానికి దగ్గరి చుట్టమే కాబట్టి డాక్టరును అడగనిదే అదీ వద్దు. నాటు మందులు వాడుతుంటే ఆ సంగతి దాచకండి.

11. ఖరీదైన బ్రాండు బదులు చౌక మందు అడగవచ్చా?

అడగవచ్చు. పాల్బోసిక్లిబ్ మీద పేటెంటు మన దేశంలో 2023 జనవరిలో ముగిసింది. ఇప్పుడు పలు భారతీయ కంపెనీల జనరిక్‌లు దొరుకుతున్నాయి. మందు పేరును జనరిక్ పేరుతో, చదవగలిగేలా రాయాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి డాక్టర్లకు చెబుతోంది. షాపువాళ్లంతట వాళ్లు మందు మార్చి ఇవ్వకూడదు. డాక్టరుతో మాట్లాడి చీటీ మార్పించుకోండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న బిల్లు తప్పకుండా తీసుకోండి.

12. ఆసుపత్రి ఆవరణలోని మందుల షాపులోనే కొనాలంటున్నారు. కొనాల్సిందేనా?

అక్కర్లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగి హక్కుల పత్రం ప్రకారం, మందు ఎక్కడ కొనాలో, పరీక్ష ఎక్కడ చేయించుకోవాలో ఎంచుకునే హక్కు రోగిదే. మరో డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కూ ఆ పత్రంలో ఉంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉన్నవారు, తమ మందు అందులోకి వస్తుందో రాదో కొనడానికి ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి.

13. పేటెంటు ఉన్న మందు ధర భరించలేకపోతే చట్టంలో దారి ఉందా?

ఉంది గానీ ఒక్క రోగి నడవగలిగేంత సులువైన దారి కాదు. పేటెంటు ఇచ్చిన మూడేళ్ల తర్వాత, మందు ప్రజలకు అందుబాటు ధరలో లేదని నిరూపిస్తే, మరొకరు తయారుచేయడానికి పేటెంట్ల చట్టం 84వ సెక్షన్ కింద నిర్బంధ లైసెన్సు అడగవచ్చు. దేశంలో అలాంటి మొదటి లైసెన్సు 2012 మార్చిలో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు దక్కింది. బేయర్ కంపెనీకి చెందిన సొరాఫెనిబ్ అనే క్యాన్సర్ మందు కోసం ఇచ్చారు. నెలకు దాదాపు 2.8 లక్షల రూపాయలున్న ధర 8,880 రూపాయలకు దిగింది. బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా లైసెన్సు నిలబడింది.

2022లో ఒక రొమ్ము క్యాన్సర్ రోగి రైబోసిక్లిబ్ ధర మోయలేనిదని కేరళ హైకోర్టు తలుపు తట్టారు. కేసు నడుస్తుండగానే ఆమె కన్నుమూశారు. కోర్టు దాన్ని మూసేయకుండా తనంతట తానే విచారణ కొనసాగించింది. హక్కు కాగితం మీద ఉన్నా, రోగికి ఉన్న సమయం వేరే గడియారంతో నడుస్తుంది.

14. నా రిపోర్టులు, బయాప్సీ కాగితాలు ఇవ్వమంటే తిప్పుతున్నారు. ఏం చేయాలి?

రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లోగా వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నియమావళే చెబుతోంది. చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లపాటు వాటిని భద్రపరచాలి కూడా. ఇవ్వకపోతే రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. రెండో అభిప్రాయం కోసం బయాప్సీ స్లైడులు, బ్లాకులు కూడా అడిగి తీసుకోండి. హార్మోన్ రిసెప్టర్, హెర్2 ఫలితాలు లేనిదే 'సిక్లిబ్' మందు సరైనదో కాదో ఏ డాక్టరూ చెప్పలేరు.

15. కొత్త మందు ట్రయల్‌లో చేరమన్నారు. సంతకం పెట్టవచ్చా?

పెట్టవచ్చు, చదివి అర్థమయ్యాక. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం మీకు ఉన్న హక్కులివి:

- సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదువు రాకపోతే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి.
- పూర్తిగా కొత్త అణువును పరీక్షిస్తున్నప్పుడు, బలహీన స్థితిలో ఉన్నవారి సమ్మతిని వీడియోలో రికార్డు చేయాలి.
- ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నియమాల మేరకు పరిహారం ఇవ్వాలి.
- ఎప్పుడైనా బయటికి రావచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. అందువల్ల మామూలు చికిత్స ఆగకూడదు.

ట్రయల్‌కు నైతిక సంఘం ఆమోదం ఉందా, దేశ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా అని అడగడం కూడా మీ హక్కే.

16. నా ఒంట్లోంచి తీసిన కణితి ముక్క ఎవరిది?

పరిశోధనకు ఇచ్చిన నమూనా ఇచ్చినవారిదేననీ, సంస్థ దానికి సంరక్షకురాలు మాత్రమేననీ భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. చికిత్స కోసం తీసిన ముక్కను పరిశోధనకు వాడాలంటే వేరుగా అడగాలి. మనసు మార్చుకుంటే వెనక్కి తీసుకోవచ్చు.

ఇలాంటి నియమం ఎందుకు కావాలో తెలియాలంటే 1951 నాటి బాల్టిమోర్‌కు వెళ్లాలి. హెన్రియెట్టా లాక్స్ అనే 30 ఏళ్ల నల్లజాతి మహిళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో చేరారు. ఆమె కణితి నుంచి కొంత ముక్క తీసి పరిశోధనశాలకు పంపారు. ఆమెను అడగలేదు, కుటుంబానికీ చెప్పలేదు. అదే ఏడాది ఆమె చనిపోయారు, కణాలు మాత్రం నేటికీ పెరుగుతూనే ఉన్నాయి. హీలా కణాలంటే అవే. వాటిలో ఉన్నది హెచ్‌పీవీ. పి53నీ ఆర్‌బినీ పడగొట్టిన ఆ వైరస్ వల్లే వాటికి ఆగడం తెలియదు. కుటుంబానికి సంగతి తెలిసింది 1970లలో. ఆ కణాల జన్యు సమాచారం ఎవరు చూడవచ్చో నిర్ణయించడంలో వారికి చోటు దొరికింది 2013లో. కణాలతో వ్యాపారం చేసిన ఒక కంపెనీ వారితో రాజీకి వచ్చింది 2023లో.

నాలుగో ప్రశ్నలో చెప్పిన నరసింహారావు, జాన్సన్‌ల ప్రయోగం గుర్తుందా? అందులో జంటలుగా కలిపింది హీలా కణాలనే. అనుమతి లేనిదే కణం అడుగు వేయదన్న సంగతిని శాస్త్రం అనుమతి అడగకుండా తీసుకున్న కణాల నుంచే నేర్చుకుంది. అందుకే మీ ముందు సమ్మతి పత్రం పెట్టినప్పుడు తొందరపడకండి. ఇంటికి తీసుకెళ్లి చదవండి, అర్థం కాని మాట దగ్గర పెన్నుతో గీత గీసి డాక్టరును అడగండి. జవాబు వచ్చాకే సంతకం.